చెక్క కుదురుకునేదాకా

మార్చి 6

పిచ్చుకా,

పలకల లారీ ఈ పొద్దున్నే బయలుదేరింది. డ్రైవరుకు నీ హాలు గుర్తులన్నీ చెప్పాను. కింద సైకిళ్ళ షాపు, పక్కన రొట్టెల దుకాణం, పైకి ఇనుప మెట్లు. నేనేం చెప్పినా తల ఊపాడు, వాడు నాకంటే చెవిటివాడో ఏమో. చేరగానే ఉత్తరం రాయి. ఫోను మాత్రం చేయకు. మిల్లు రంపం నా చెవులు ఎప్పుడో తినేసింది. నువ్వు అక్కణ్ణించి అరిస్తే మీ వదిన దానికి తన సొంత కవిత్వం కలిపి ఇక్కడ నా మీద అరుస్తుంది.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. పలకలు దిగగానే నేలకు కొట్టించేయకు. ప్లాస్టిక్ చుట్ట విప్పి, హాల్లోనే, అడుగున బద్దలు పరిచి, వరుసకూ వరుసకూ మధ్య కూడా బద్దలు పెట్టి దొంతర పేర్చు. అన్ని వైపులా గాలి ఆడాలి. గాలిలో చెమ్మ ఉంటే చెక్క తాగి ఉబ్బుతుంది, లేకపోతే ఎండి సన్నబడుతుంది. ఆ సన్నబడేదేదో నేలకు కొట్టకముందే సన్నబడాలి. కొట్టాక సన్నబడితే పలకకూ పలకకూ మధ్య సందులు పడతాయి, ఆ సందుల్లోంచి నా పరువు కింద సైకిళ్ళ షాపులో పడుతుంది.

పెట్టెలో సూదుల మీటరు ఒకటి పెట్టాను. రెండు సూదులూ పలకలో గుచ్చితే లోపలి చెమ్మ ఎంతో ముల్లు చూపిస్తుంది. అది దిగుతూ దిగుతూ ఒకచోట నిలుస్తుంది. అందాకా ఓపిక పట్టు. ఎన్నాళ్ళని నన్నడగకు, ముల్లును అడుగు. నీకు ఆగడం చేతకాదని తెలిసే చెబుతున్నాను.

పాపం, ఈ చెక్క పుట్టి బుద్ధెరిగి మన సముద్రపు చెమ్మలోనే ఉంది. మన ఇంట్లో ఉప్పు డబ్బాలో నీళ్ళూరడం నీకు తెలియంది కాదు. అక్కడి పొడిగాలి దానికి కొత్త. కొత్త కోడలిలా చూసుకో. ఇంటి మీద బెంగ పెట్టుకోకుండా చూడు.

ఇది మన మిల్లులో నేను కోసిన ఆఖరి మాను. మిల్లు మూసి షెడ్డు అద్దెకిచ్చేస్తానంటున్నాడు నీ మేనల్లుడు. అందుకే ముడి ఉన్న పలక ఒక్కటీ లేకుండా ఏరి పంపాను. ముల్లు నిలిచాక నేనొచ్చి నా చేత్తో పరుస్తాను.

అన్నయ్య


మార్చి 19

అన్నయ్యా,

చెక్క చేరింది. నేనూ సైకిళ్ళ షాపతనూ ఇద్దరు కూలీలూ కలిసి పైకెక్కించాం. చుట్ట విప్పగానే హాలంతా మిల్లు వాసన. చిన్నప్పుడు రంపపు పొట్టులో దొర్లి ఇంటికొస్తే అమ్మ గుమ్మం బయటే నిలబెట్టి దులిపేది చూడు, ఆ వాసన. కాసేపు దొంతర పక్కన కూలబడిపోయాను.

ఇక్కడి గాలి సంగతి నీకు తెలియదు. నవ్వితే పెదవి పగిలి రక్తం వస్తుంది. దువ్వెన పెడితే జుట్టు లేచి నిలబడుతుంది. ఉతికిన బట్ట తీగ మీద వేసి, క్లిప్పుల కోసం లోపలికెళ్ళి వచ్చేలోపు ఆరిపోతుంది. నేనంటే ఎలాగో అలవాటు పడ్డాను, నీ చెక్కకెందుకు ఆ కష్టం? నువ్వు రాసిన మాట నాకు గుర్తుంది. దానికి మన ఊరి గాలి లేని లోటు తెలియనివ్వను.

ఇంకో మాట కూడా చెప్పాలి. పెద్ద టీచరు డాన్సు బడిలో పని మానేసి వచ్చేశాను. ఇన్నేళ్ళూ పేరు ఆవిడది, అరిగిన కాళ్ళు నావి. ఊళ్ళో ఎవర్నడిగినా నన్ను 'ఆవిడ దగ్గర చేస్తుంది' అంటారు. సిమెంటు నేల మీద పిల్లలకు డాన్సు నేర్పి నేర్పి మోకాళ్ళు మెట్లెక్కుతుంటే పైకే చప్పుడు చేస్తున్నాయి. ఈ హాలు నిలబడితే నాకంటూ ఒక బడి ఉంటుంది. నిలబడకపోతే మళ్ళీ ఆవిడ గుమ్మంలోకే వెళ్ళి తల వంచుకు నిలబడాలి. అందుకే సిగ్గు విడిచి నిన్ను చెక్క నేల అడిగాను.

ఈసారి ఆగుతాను, ఒట్టు.

నీ చెల్లెలు


ఏప్రిల్ 4

పిచ్చుకా,

ముల్లు ఎంతకు దిగింది? అది రాయకుండా దువ్వెన గురించి రాశావు. దొంతర మీద బట్టలు ఆరేయకు. పిల్లల్ని ఎక్కి కూర్చోనివ్వకు. కిటికీలోంచి ఎండ నేరుగా పడుతుంటే గుడ్డ కట్టు.

'మన ఊరి గాలి లేని లోటు తెలియనివ్వను' అన్న ముక్క చదివి మీ వదిన కళ్ళు తుడుచుకుంది. నేను ముక్కు తుడుచుకున్నాను, నాకు జలుబు.

మొన్న మిల్లు రంపం కొంటానని ఒకతను వచ్చాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తుక్కు కింద తూకానికి అడిగాడు. తుక్కట! మనందరికీ తిండి పెట్టిన రంపం. పొమ్మన్నాను. వాడు గుమ్మం బయట నిలబడి నీ మేనల్లుడితో మళ్ళీ బేరం మొదలెట్టాడు. చెవుడు కూడా ఒకందుకు మంచిదే, ఎంతకు తెగిందో నాకు వినబడలేదు. రంపం మాత్రం మర్నాడు అక్కడ లేదు.

ఇంక నాకు మిగిలింది నీ నేల ఒక్కటే. ఫలానా చోట నా పని ఉంది, వెళ్ళి చూసుకోండి అని చెప్పుకోవడానికి ఒక్కటన్నా ఉండాలి కదా. ముల్లు సంగతి రాయి.

అన్నయ్య


మే 2

అన్నయ్యా,

ముల్లు సంగతే రాస్తున్నాను, దువ్వెన జోలికి పోను. మొదట్లో కొద్దిగా దిగింది. తర్వాత నిలిచింది. పై పలక, మధ్య పలక, అడుగు పలక, మూడూ ఒకే మాట మీదున్నాయి. అంకె వేరే చీటీ మీద వేసి ఇందులో పెట్టాను, చూసుకో.

నా బడికి పేర్లిచ్చిన పిల్లల తల్లులు వచ్చి 'ఎప్పుడు మొదలండీ' అని అడుగుతున్నారు. ఒకసారి వాయిదా వేశాను. వాళ్ళు సరేనన్నారు గానీ మెట్లు దిగుతూ ఏదో అనుకున్నారు. నేల పరిచే మేస్త్రీ ఒకతను వచ్చి మీటరు తనే గుచ్చి చూశాడు. 'ముల్లు కదలడం లేదంటే చెక్క కుదురుకున్నట్టేనమ్మా, ఇంకెందుకు ఆగడం?' అన్నాడు. 'మా అన్నయ్య వస్తాడు, ఆయనే పరుస్తాడు' అని గర్వంగా చెప్పి పంపేశాను.

పెద్ద టీచరు బజార్లో ఎదురై 'ఇంకా నేల పడలేదటగా' అంది. నవ్వుతూనే అంది.

వెనక గదిలో నీకు మంచం వేశాను. బయలుదేరు.

నీ చెల్లెలు


మే 14

పిచ్చుకా,

ఆ అంకె దగ్గర నిలిచిందా? నేను నమ్మను. అది మన వసారాలో పెట్టిన చెక్కకు రావలసిన అంకె గానీ అక్కడి గాలికి వచ్చేది కాదు. ఇంకా చాలా దిగాలి. సూదులు పైపైన గుచ్చి ఉంటావు. లేకపోతే తొందరలో తప్పు చదివి ఉంటావు. చిన్నప్పుడు గడియారం కూడా తప్పే చదివేదానివి.

నేను ఇప్పట్లో కదల్లేను. మిల్లు సామాను ఒక్కొక్కటే తరలిస్తున్నారు. పక్కన మనిషి లేకపోతే మేకులతో సహా గోడలు కూడా పట్టుకుపోయేలా ఉన్నారు. నీ మేనల్లుడు పక్కనున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మేస్త్రీ మాటలు వినకు. వాడికేం, కొట్టి డబ్బు తీసుకుని పోతాడు. ముల్లు దిగేదాకా ఆగు.

అన్నయ్య


జూన్ 3

అన్నయ్యా,

మళ్ళీ 'ఆగు'.

నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి నువ్వు నాకు చెప్పింది ఈ ఒక్క మాటే. డాన్సు నేర్చుకుంటానంటే నీ పెళ్ళయ్యేదాకా ఆగమన్నావు. పెళ్ళయ్యాక మిల్లు నిలదొక్కుకునేదాకా అన్నావు. ఆ తర్వాత అమ్మకు నయమయ్యేదాకా. అమ్మకు నయం కాలేదు. అమ్మ పోయాక, అందరి మనసులూ కుదుటపడేదాకా అన్నావు. తోటివాళ్ళు నేర్చుకోవడం ముగించిన వయసులో నేను మొదలుపెట్టాను. అందుకే ఇన్నేళ్ళూ ఒకరి వెనక నిలబడ్డాను. ఈ సంగతి నీకు తెలియదా, తెలిసీ తెలియనట్టుంటావా?

అయినా ఆగాను. నీ ఉత్తరం వచ్చాక కూడా ఆగాను. సిగ్గు చంపుకుని రెండోసారి వాయిదా వేశాను. సూదులు పిడి దాకా గుచ్చాను. ముల్లు ఒక్క గీత కదల్లేదు. గడియారం చదవడం నాకు వచ్చు.

నీకు రావడం ఇష్టం లేదు. ఆ మాట చెప్పలేక నెపం చెక్క మీద పెట్టావు. నిన్నటితో మేస్త్రీ పలకలన్నీ కొట్టేశాడు. చెక్క ఉబ్బినా చోటుండాలని మేస్త్రీ అంటే గోడల వెంట వేలెడు ఖాళీ కూడా వదిలించాను. చెప్పులు విప్పి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. ఎలా ఉందో నీకు రాయాలని కూర్చున్నాను గానీ ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు. పదిహేనో తేదీన బడి మొదలు.

చెల్లెలు


జూన్ 14

వేసేశావన్నమాట. సరే.

మిల్లు సామాను పోయిన వారమే అయిపోయింది. చిత్రికలూ ఉలులూ నూరి సంచిలో సర్దుకుని కూర్చున్నాను. వస్తున్నానని రాద్దామని కలం తీస్తే నీ ఉత్తరం వచ్చింది. సంచి మళ్ళీ అటక మీద పెట్టించాను. మీ వదిన ఏదో అంది, వినబడనట్టు ఉన్నాను.

ఆ నేల నీళ్ళు పోసి కడగకు. పొడిగుడ్డతో తుడువు.

అన్నయ్య


జూలై 9

అన్నయ్యగారికి,

మీరు పంపిన చెక్క సందులు విడిచింది.

మొదటి వారం అద్దంలా ఉంది. రెండో వారం సన్న గీతలు కనబడ్డాయి. ఇప్పుడు చిటికెన వేలు దూరుతుంది. కొన్ని అంచులు పైకి లేచాయి కూడా. మొన్న శనివారం ఒక చిన్నపిల్ల గిర్రున తిరుగుతూ ఉంటే కాలివేలు సందులో ఇరుక్కుని పడిపోయింది. వేలు విరిగింది, గోరు ఊడింది. దాన్ని ఎత్తుకుని నేనే మెట్లు దిగి ఆస్పత్రికి పరిగెత్తాను. వాళ్ళమ్మ తిడుతుందనుకున్నాను. పిల్లను భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోయింది, మళ్ళీ రాలేదు.

సోమవారం నుంచి ఒక్కొక్కరే మానేస్తున్నారు. సగం మంది పెద్ద టీచరు దగ్గర చేరారని రొట్టెల దుకాణంలో విన్నాను.

మేస్త్రీ వచ్చి, వంగి చూసి, 'ఇది పచ్చి చెక్కమ్మా, ఇప్పుడు ఆరుతోంది' అన్నాడు. పచ్చి చెక్క. మిల్లు మూసేస్తూ అమ్ముడుపోనిదంతా నా నెత్తిన రుద్దారా? మీరు రాకపోవడానికి కారణం అదేనా? పరాయివాళ్ళకైతే ఇలాంటిది పంపేవారా?

ఇట్లు,
మీ చెల్లెలు


జూలై 18

నీ ఉత్తరం మీ వదిన నాకివ్వకుండా బియ్యం డబ్బాలో దాచింది. నాకు నిన్న దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

పచ్చి చెక్కా? ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? మిల్లు వెనక నీడలో ఏళ్ళ తరబడి ఆరిన మాను అది. దాన్ని ఇవ్వమని ఎంతమంది అడిగినా ఇవ్వకుండా ఉంచాను. మన సముద్రపు గాలికి ఎంత ఆరాలో అంతా ఆరింది. మిగతాది అక్కడ ఆరాలనే కదా మొత్తుకున్నాను!

పొడి గదిలో అన్ని నెలలున్న చెక్క కొట్టాక ఇంత సన్నబడదు. ఎవర్నైనా అడుగు. కాబట్టి నువ్వు ఆగలేదు. దిగిన వారానికే కొట్టించేసి, నా నోరు మూయించడానికి అంకెలు కల్పించి రాశావు. డాన్సు కోసం చెప్పాపెట్టకుండా పెట్టె సర్దుకుని ఇల్లు దాటినదానివి, నీకిది ఒక లెక్కా? ఆ రోజు స్టేషను దాకా పరిగెత్తింది నేను. వెళ్ళిపోయిన బండి చూసి వెనక్కొచ్చింది నేను.

మా చెల్లెలి బడిలో నేల నాదేనని ఇక్కడ కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాను. ఇప్పుడు వాళ్ళకేం చెప్పమంటావు?

నిజం రాయి. ఆ గదిలో ఏం చేశావు?


జూలై 29

అన్నయ్యగారికి,

ఏం చేశానో చెబుతాను.

'ఇంటి మీద బెంగ పెట్టుకోకుండా చూడు, కొత్త కోడలిలా చూసుకో' అని రాసింది మీరు. చెక్క గురించి నాకేం తెలుసు? మీరు చెప్పిందే తెలుసు. నీళ్ళు పోసి తిప్పే కూలరు ఒకటి కొన్నాను, ఇన్నేళ్ళలో నా కోసం కొనుక్కోనిది. కిటికీలు మూసి తడి దుప్పట్లు కట్టాను. చెక్క దిగిన నాటి నుంచీ ఆ కూలరు హాల్లో ఆగకుండా తిరిగింది. పైకి నీళ్ళు ఎక్కవు, కింద కుళాయి దగ్గర పట్టి బిందెలతో మోశాను, ఈ మోకాళ్ళతో. హాల్లో అడుగు పెడితే మన ఇంట్లోకి వచ్చినట్టే ఉండేది. నేను మాత్రం వెనక గదిలో ఉడికిపోతూ పడుకున్నాను. ముల్లు నిలిస్తే, చెక్కకు బెంగ తీరిందనుకున్నాను.

పాఠాలు మొదలయ్యాక ఆ మోతలో నేను చెప్పే తాళం పిల్లలకు వినబడలేదు. చెక్క కుదురుకుందిగా అని కూలరు ఆపి, దుప్పట్లు తీసి, కిటికీలన్నీ తెరిచాను. ఎండడం అప్పుడు మొదలైందని ఇవాళ మేస్త్రీ చెబితే గానీ నాకు తెలియలేదు. కూలరు చెక్క కోసమే రాత్రింబవళ్ళు తిప్పానని విని అతను నెత్తిన చెయ్యి పెట్టుకుని మెట్ల మీదే కూర్చున్నాడు. ఇంతకుముందు అతను వచ్చినప్పుడల్లా 'హాలు ఎంత చల్లగా ఉందమ్మా' అని మెచ్చుకునేవాడు, అంతే.

నేను ఆగలేదని రాశారు. అంకెలు కల్పించానని రాశారు. నా జన్మలో మీ మాట అక్షరం పొల్లుపోకుండా విన్నది ఈ ఒక్కసారే.

మీ చెల్లెలు


ఆగస్టు 9

పిచ్చుకా,

కూలరా! ఉత్తరం నేను చదివి మీ వదిన చేత కూడా చదివించాను, చెవులతో పాటు కళ్ళు కూడా పోయాయేమోనని.

వేళాకోళానికి రాసిన మాట పట్టుకుని బిందెలతో నీళ్ళు మోసేవాళ్ళు ఉంటారా ఎక్కడైనా? నేను గట్టిగా చెప్పిన మాటలన్నీ నీకు వేళాకోళం. నా వేళాకోళం నీకు శాసనం. 'కూలరు పెట్టాను' అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ రోజే ఆపించేవాణ్ణి. మీ వదిన తప్పు నాదే అంటోంది. ఆవిడకు ఎప్పుడూ నాదే.

సరే, అయిందేదో అయింది. ఇప్పుడు ఆ చెక్క నిజంగా ఎండింది. ఎండాల్సినంతా ఎండింది, ఇంక కదలదు. పలకలన్నీ ఊడదీసి, అంచులు చిత్రిక పట్టి, దగ్గరికి జరిపి మళ్ళీ కొడితే కాగితం దూరే సందు కూడా ఉండదు. గోడ పక్కన తగ్గే చోటుకు నాలుగు పలకలు నేను తెస్తాను. వాటిని మాత్రం ముందు కొన్నాళ్ళు అక్కడ ఆరబెట్టాలి, కూలరు లేకుండా.

ఇరవై ఎనిమిదో తేదీ బండికి టికెట్ తీసుకున్నాను. సంచి అటక మీద నుంచి దించాను. నేనొచ్చేదాకా మేస్త్రీని చెయ్యి వేయనివ్వకు. హాలు తాళం వేసి ఉంచు. నేల సంగతి నేను చూసుకుంటాను.

అన్నయ్య


ఆగస్టు 18

అన్నయ్యా,

హాలు ఖాళీ చేసేశాను. కింది షాపతను తీసుకున్నాడు, టైర్లూ కొత్త సైకిళ్ళూ పెట్టుకోవడానికి. అతనికి సందులతో పనిలేదు. పైన మందపాటి రబ్బరు చాప పరిచేశాడు. నాకు ఒంటిగది ఒకటి దొరికింది, చిరునామా కవరు మీద ఉంది.

సోమవారం నుంచి పెద్ద టీచరు దగ్గరికి వెళుతున్నాను. ఆవిడ ఏమీ దెప్పలేదు. కుర్చీ చూపించి కూర్చోమంది, మంచినీళ్ళు తెప్పించింది. తిట్టినా బాగుండేది. మరీ చిన్నపిల్లల తరగతి ఇచ్చింది. ముందు నిలబడి నేర్పడానికి వేరే అమ్మాయి ఉంది, నా దగ్గర నేర్చుకున్నదే. నేను వెనక నిలబడి అడుగులు సరిచేయాలి. వేలు విరిగిన పిల్ల కూడా అక్కడే చేరింది. నన్ను చూడగానే వాళ్ళమ్మ వెనక దాక్కుంది.

నిన్న నీ ఉత్తరాలన్నీ వరుసగా పెట్టుకుని చదివాను. ముల్లు ఎంతకు దిగిందని అడిగావు. ఆ గదిలో ఏం చేశావని అడిగావు. ఆ పిల్లకు ఎలా ఉందని అడగలేదు. నేనెలా ఉన్నానని అడగలేదు. ఎక్కడైనా ఒక మూల ఉండి నేను చూసుకోలేదేమోనని, సిగ్గులేకుండా మళ్ళీ మొదటి నుంచీ వెతికాను.

ఇక్కడ ఊడదీయడానికీ జరపడానికీ ఇంకేమీ లేదు. పలకలు తేవద్దు, సంచి తేవద్దు. చేసే పనేమీ లేకుండా, చెల్లెలిని చూడటానికి అన్నయ్య వచ్చినట్టు రావడం నీకు చేతనైతే ఆ బండి ఎక్కు. చేతకాదనిపిస్తే టికెట్ వెనక్కిచ్చేయి, నేను స్టేషనుకు రాను.

నీ చెల్లెలు